సీలు విప్పని మిక్సీ

పెట్టె తెరిచేసరికి లోపల మిక్సీ లేదు, రెండు ఇటుకలున్నాయి!

కొనడానికొచ్చిన ముసలాయన కళ్ళజోడు సవరించుకున్నాడు. "ఇది ఏ కంపెనీదమ్మా?" అన్నాడు.

రిటర్న్స్ కౌంటర్ అమ్మాయి పెట్టెను గుర్తుపట్టింది. ఆ పెట్టెను నిన్న వాపసు తీసుకున్నది తనే. ఇచ్చింది ఎదురు క్లినిక్‌లోని పళ్ళ డాక్టరు. వారం వారం ఏదో ఒకటి కొంటాడు, ఏదో ఒక వంక చెప్పి తిరిగిచ్చేస్తాడు. రీస్టాకింగ్ ఛార్జీ అంటూ షాపు పదో వంతు కోసేసుకున్నా కిక్కురుమనడు. పైగా నవ్వుతాడు. ఆ నవ్వు ధ్యాసలో నిన్న పెట్టె విప్పి చూడటమే మరిచిపోయింది.

మేనేజర్ వచ్చాడు. ఇటుకల్ని చూశాడు. ఆమెను చూశాడు.

"సాయంత్రానికల్లా మిక్సీ అయినా రావాలి, నీ రాజీనామా అయినా రావాలి."

ఇల్లు గడిచేది ఆ జీతం మీదే. ఆమె ఒక్క ఉదుటున రోడ్డు దాటి క్లినిక్‌లోకి దూసుకెళ్ళింది. కుర్చీలో ఒక పెద్దావిడ నోరు తెరుచుకుని ఉంది.

"మిక్సీ ఎక్కడ?"

డాక్టరు చేతిలోని పట్టకారు గాల్లోనే ఆగిపోయింది. "నిన్న మీకే ఇచ్చేశాను కదండీ!"

"మీరిచ్చింది ఇటుకలు! పళ్ళు పీకుతారని బోర్డు పెట్టుకున్నారు. ఉద్యోగాలు కూడా పీకుతారని రాయలేదేం?"

"అయ్యో, నేను పెట్టలేదండీ, ఒట్టు! అసలు ఆ పెట్టె తెరవనే లేదు."

"తెరవలేదా? మరి తిప్పితే చెవులు చిల్లులు పడుతున్నాయన్నారు?"

అతను నోరు తెరిచాడు. ఇప్పుడు గదిలో రెండు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

"అనుకున్నా!" అంటూ ఆమె వెనుదిరిగింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఉద్యోగం పోతోందని కొంత, దొంగ ఇతనే అయినందుకు ఇంకొంత.

"పోయి చెప్పవయ్యా," అంది పెద్దావిడ, బుగ్గలో దూదితోనే. "నా పన్ను ఎక్కడికీ పారిపోదు."

షాపులో ఆమె ఆ పెట్టెను మళ్ళీ అటూ ఇటూ తిప్పి చూసింది. వాపసొచ్చిన ప్రతి వస్తువు మీదా 'తనిఖీ అయింది' అని షాపు స్టిక్కరు అంటిస్తారు. నిన్న తను అంటించిన దాని అంచున ఇంకో స్టిక్కరు తొంగిచూస్తోంది. గోటితో పైది లాగేసింది.

"సార్, డాక్టరుగారికంటే ముందే దీన్ని ఎవరో వాపసిచ్చారు. తారీఖు చూడండి, అప్పటికి నేనిక్కడ చేరనే లేదు. మనం రీస్టాకింగ్ ఛార్జీ దేనికి తీసుకుంటామండీ?"

"వస్తువు విప్పి, చూసి, మళ్ళీ ప్యాక్ చేసినందుకు."

"మరి అప్పుడు విప్పి చూసిందెవరు?"

గోదాములో ఎవరూ ఏ పెట్టెనూ విప్పరని, స్టిక్కరు కొట్టి అరలోకి తోసేస్తారని షాపులో అందరికీ తెలుసు. ఛార్జీ మాత్రం కస్టమర్ దగ్గర ముక్కుపిండి వసూలు చేస్తారు.

"అదంతా నాకనవసరం," అన్నాడు మేనేజర్. "శబ్దం చేస్తోందని వాపసు చీటీలో రాశాడంటే తెరిచి వాడాడనేగా? మార్చేసింది అతనే. తెరవలేదని అతని నోటితో చెప్పించు, నీ ఉద్యోగం జోలికి రాను."

"నేనే చెప్తాను సార్!"

తలుపు దగ్గర పళ్ళ డాక్టరు రొప్పుతూ నిలబడి ఉన్నాడు. చేతులకు గ్లోవ్స్ కూడా తియ్యలేదు. చెవులు ఎర్రబడ్డాయి.

"శబ్దం సంగతి అబద్ధం. ఆడింది నేనే. మిక్సీ తెరవలేదు. అంతకుముందు ఇస్త్రీపెట్టె తెరవలేదు, కెటిల్ తెరవలేదు, గోడ గడియారమూ తెరవలేదు. కొన్నవి కొన్నట్టే మా బల్ల కింద పెట్టి, మళ్ళీ మీకే తెచ్చిచ్చాను. మీ కోత శుద్ధ అన్యాయం సార్, అయినా నోరెత్తకుండా కట్టాను. ఈవిడతో కాసేపు మాట్లాడటానికి నాకు ఇంకో దారి దొరకలేదు. ఎప్పటికైనా మా క్లినిక్‌కి రాకపోతుందా అని ఆశగా చూశాను. ఈవిడ నవ్వినప్పుడల్లా మరీ పరీక్షగా చూశాను. ఏం లాభం? ఒక్కటంటే ఒక్క పన్నూ పుచ్చలేదు!"