బట్లహళ్ళి ఎవరి ఏరియా?

"బట్లహళ్ళిని నా ఏరియాలో వేసింది ఎవరు?"

2007 జూలైలో ఒక శనివారం, చిక్కబళ్ళాపురంలోని విత్తనాల కంపెనీ ఆఫీసులోకి సగం తడిసి వచ్చిన గార్గి అడిగిన మొదటి మాట అది. కంప్యూటర్ ముందున్న మాధవ తలెత్తి చూశాడు. చూసి, జవాబు చెప్పడం మరిచిపోయాడు.

గార్గి బాగేపల్లి ఏరియాకు సేల్స్ ఆఫీసర్‌గా చేరి నెలయింది. టమాటా, మిరప విత్తనాలు అమ్మే అంగళ్ళన్నీ తిరగడం ఆమె పని. బాగేపల్లి నుంచి బట్లహళ్ళికి పోవాలంటే మధ్యలో బస్సు మారాలి, రెండో బస్సు కోసం గంటన్నర నిలబడాలి. ఆ ఒక్క ఊరికే వారంలో ఒక రోజంతా పోతోంది.

"నేనే వేసినాను మేడమ్. సర్వే చేసి వేసినాను," అన్నాడు మాధవ.

"మీరు బట్లహళ్ళికి పోయినారా?"

"పోయినాను."

గార్గి ముఖంలో కోపం తగ్గింది. "అయితే ఏదో కారణం ఉంటాది. పోయొచ్చిన మనిషి చెప్తాంటే నేనేం కొట్లాడేది," అని కుర్చీ లాక్కుని కూర్చుని, కాఫీ దొరుకుతుందా అని అడిగింది.

మాధవ కాఫీ తెప్పించాడు. అతను బట్లహళ్ళి ముఖం చూసి ఎరగడు.

రెండు నెలల క్రితం బెంగళూరు నుంచి ఏరియాలు పంచే సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఊళ్ళన్నీ తిరిగి, ఏ అంగడికి ఏ బస్సు దారి దగ్గరో చూసి, కొత్త హద్దులు గీయమని మేనేజర్ వాసుదేవ మాధవకు రెండు వారాలు టైమిచ్చాడు. సాఫ్ట్‌వేర్ తెరవగానే ఒక ప్రశ్న అడిగింది: కొత్త హద్దులు గీస్తారా, ఉన్నవే వాడుకుంటారా? మాధవ రెండోది నొక్కాడు. రంగులు మార్చాడు. మిగిలిన పదమూడు రోజులు శిడ్లఘట్టలో అక్క ఇంట్లో తిని పడుకున్నాడు. మ్యాప్ చూసి అందరూ మెచ్చుకున్నారు.

గార్గి అతనికి 'మ్యాప్ సార్' అని పేరు పెట్టింది. ప్రతి శనివారం మీటింగ్ అయ్యాక ఇద్దరూ బస్టాండు దాకా నడిచేవాళ్ళు. ఎండలో ఊరూరూ తిరిగిన మనిషికే తన కష్టం తెలుస్తుందని ఆమె దారిలో కనిపించినవన్నీ అతనికి చెప్పేది. ఎర్రగా తిరిగిన టమాటా తోటలు, తన పేరు తప్పుగా రాసుకునే బట్లహళ్ళి అంగడి బైరప్ప, బస్సు కిటికీలోంచి చల్లే వాన. వింటున్నంతసేపూ మాధవకు సంతోషంగా ఉండేది. ఇంటికి పోయాక, ఆ సంతోషం తనది కాదనిపించి ముఖం కడుక్కునేవాడు.

ఆగస్టు చివర మీటింగ్‌లో వాసుదేవ అందరి ముందూ గార్గిని నిలబెట్టాడు. బాగేపల్లిలో అమ్మకాలు పడిపోయాయి, ఇంకో నెలలో లెక్క సరిపోకపోతే వేరే మనిషిని చూసుకోవాల్సి వస్తుందన్నాడు. బట్లహళ్ళికే రోజంతా పోతోందని చంద్రు ఆమె తరఫున నసిగాడు. చింతామణి ఏరియా అతనిది.

"ఏరియా తప్పు లేదు సార్," అంది గార్గి. "మాధవ ఊరూరూ తిరిగి వేసినాడు. నాకే చేత కాలేదు."

మాధవ ఆమె పక్క కుర్చీలోనే ఉన్నాడు. టేబుల్ మీది గ్లాసును అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు.

సోమవారం పొద్దున్నే సెలవు పెట్టి, చింతామణి పోయి, బట్లహళ్ళి బస్సెక్కాడు. ఒకటే బస్సు, నేరుగా దిగబెట్టింది. వచ్చిన పని చెప్పాక బైరప్ప అతన్ని వింతగా చూశాడు. ఈ ఊళ్ళో ఉప్పుకైనా పెళ్ళిచీరకైనా అందరూ చింతామణికే పోతారని, బాగేపల్లితో ఎవరికీ పని లేదని చెప్పాడు. ఇదివరకు కంపెనీ తరఫున విత్తనాలకు ఆర్డర్లు రాసుకునేది బాగేపల్లి గంగప్ప అనీ, రిటైరయ్యి అక్కడే ఉన్నాడనీ అన్నాడు.

మాధవ బాగేపల్లిలో గంగప్ప ఇల్లు వెతుక్కుంటూ పోయాడు. బట్లహళ్ళి బాగేపల్లి ఏరియాలోకి ఎలా వచ్చిందని అడగగానే ముసలాయన లోపలున్న భార్య జయలక్ష్మమ్మ వైపు చూసి సిగ్గుపడ్డాడు.

"ఈమెది బట్లహళ్ళి. వాళ్ళ నాయన అంగట్లో చూసినాను. వారం వారం పోయేదానికి సాకు కావల్ల కదప్పా. ఆ ఊరు నాకియ్యండని అప్పటి మేనేజర్‌ను అడిగి గీత మార్పించుకున్నాను. పెండ్లయినాక మళ్ళీ దాన్ని ఎవరూ ముట్టుకోలేదు." కాసేపాగి అడిగాడు. "కొత్తగా సర్వే చేసినారంట కదా. చేసినాయనకు తెలీలేదా?"

చేసినాయన తనేనని మాధవ చెప్పలేకపోయాడు. మజ్జిగ తాగి, దండం పెట్టి బయటికొచ్చాడు.

సాయంత్రం బాగేపల్లి బస్టాండులో గార్గి బస్సు దిగింది. అతన్ని చూసి నవ్వుతూ వచ్చింది. ఆ నవ్వు పూర్తికాకముందే చెప్పేయాలని మాధవ అంతా చెప్పేశాడు. నొక్కిన బటన్, శిడ్లఘట్ట, అక్క ఇల్లు, గంగప్ప.

ఆమె చేతిలోని ఆర్డర్ల పుస్తకం సంచిలో పెట్టుకుంది.

"మ్యాప్ సంగతి పోనీండి. నేను తిట్లు తింటాంటే పక్కనే కూర్చోనుండారు," అంది. "ఇంట్లో మా అమ్మకు రోజూ మీ గురించి చెప్తాండాను. అంత కష్టపడే మనిషిని చూడలేదని. ఇప్పుడు ఏమని చెప్పేది?"

వాన మొదలైంది. ఆమె గొడుగు తెరుచుకుని వెళ్ళిపోయింది.

శనివారం మీటింగ్‌లో మాధవ లేచి నిలబడి అవే మాటలు మళ్ళీ చెప్పాడు. వాసుదేవ కేక వేయలేదు. "నువ్వు చెయ్యని పనికి ఆ అమ్మాయి మాటలు పడింది," అని మాత్రం అన్నాడు. అతని చేతికి మెమో ఇచ్చి, ఈసారి నిజంగా ఊళ్ళన్నీ తిరిగి రమ్మన్నాడు.

మాధవ పదహారు రోజులు తిరిగాడు. ఎండకు మెడ వెనక చర్మం ఊడింది. బట్లహళ్ళి, ఇంకో మూడు ఊళ్ళు చింతామణికి మారాయి. గార్గికిచ్చిన గడువు పొడిగించారు. కొత్త గీతలు ఆమెకే ముందు చూపించాడు. ఆమె రెండు చోట్ల తప్పు దిద్దింది. అతని ముఖం మాత్రం చూడలేదు.

ఆ ఆదివారం అతను చిక్కబళ్ళాపురంలో ఆమె ఇంటికి పోయాడు. తలుపు తీసింది తల్లి పంకజమ్మ. గడపలోనే నిలబడి, మీ అమ్మాయి చెప్పిన కష్టజీవి నేనేనని, మీరు విన్నవి నిజం కావని, అమ్మాయి తప్పేమీ లేదని చెప్పాడు. ఎక్కడ చూడాలో తెలియక ఆమె పాదాల కేసి చూశాడు.

"నాకు తెలుసప్పా. ఆ దినమే ఏడుస్తా చెప్పింది," అంది పంకజమ్మ. "నాకు ఇంకా కోపంగానే ఉండాది. లోపలికొచ్చి అన్నం తినేసి పో."

గార్గి వడ్డించింది. అడక్కుండానే రెండోసారి చారు పోసింది. బయట చినుకులు పడుతుంటే లేచిపోయి, వాకిట్లో ఉన్న అతని చెప్పులు తెచ్చి లోపల పెట్టింది.

"పై ఆదివారం మీ అక్కను పిల్చుకోని రాండి," అంది, చెప్పులనే చూస్తూ. "మా అమ్మ మీ పెద్దోళ్ళతో మాట్లాడల్లంట."

మాధవ విస్తరి మీది నుంచి తలెత్తలేదు. కళ్ళు నిండాయి. "వస్తాం," అన్నాడు.