చినామి తాడు గుంజలేదు

ఉదయం పది గంటల నలభై రెండు నిమిషాలకు చినామి శవం పడవలోకి వచ్చింది.

వయసు నలభై ఆరు. ముప్పై ఏళ్లుగా ఊపిరి బిగబట్టి, సముద్రం అడుగున గుల్లలు ఏరి బతికిన మనిషి. లోతు పదకొండు మీటర్లే. అలలు లేవు.

పడవలో ఉన్నది ఒక్కడే. ఆమె నడుముకు కట్టిన తాడు చేతబట్టిన భర్త, గెంజిరొ.

మర్నాడు ఎనిమిదిన్నరకు ఇన్‌స్పెక్టర్ ముకాయ్ గుల్లలు తీసే ఆడవాళ్ల పాకలోకి అడుగుపెట్టాడు. అప్పటికే భర్తదే తప్పని ఊరు తీర్పు చెప్పేసింది. తొమ్మిదిన్నరకల్లా గెంజిరొను అరెస్టు చేయమని పైనుంచి ఆర్డరు.

"ఎంతసేపు ఆగావు?" అని గుమ్మం పక్కన కూర్చోబెట్టిన గెంజిరొను అడిగాడు.

"రెండు నిమిషాలు. ఇంకాస్త ఎక్కువేనేమో సార్."

"మామూలుగా ఎంతసేపు?"

"యాభై సెకన్లు."

"మరి ఎందుకు లాగలేదు?"

"పైకి లాగమని తను తాడు రెండుసార్లు గుంజాలి. గుంజకముందే లాగితే నీ మీద నమ్మకం లేదన్నట్టే మా దగ్గర. కిందటేడు ఒకసారి అలా లాగితే వారం రోజులు నాతో మాట్లాడలేదు."

పొయ్యి దగ్గర కూర్చున్న ముసలి షిగే నిప్పులు ఎగదోసింది. ఈ ఆడవాళ్లందరికీ పెద్ద ఆమె.

"ఇకమీదట తాడు తన తమ్ముడికి ఇస్తానని చినామి మొన్న సాయంత్రం ఇక్కడే అంది. అందరం విన్నాం. అప్పుడు నీ మొహం చూడాల్సింది."

"మోకాళ్లు నొప్పులంటే దిగడం మానెయ్యమన్నానవ్వా, ఆ కోపం. అంతే."

"మోకాళ్లు నీళ్లలో నొప్పెట్టవురా. వంటింట్లోనే నొప్పెడతాయి."



ముకాయ్ పోస్ట్‌మార్టం రిపోర్టు మూడోసారి తెరిచాడు. ఊపిరితిత్తుల్లో నీరు స్వల్పం. గాయాలు లేవు. చివర ఒక్క వాక్యం: ఎడమ రొమ్ము పైభాగాన సూదిమొనంత ఎర్రటి చుక్క, సముద్రపు ముళ్లబంతి అనే జీవి గుచ్చుకున్నది.

ఆ వాక్యం దగ్గర అతని చూపు ఆగింది.

"షిగే అవ్వా, మీ చేతులు ఒకసారి చూపిస్తారా?"

ఆమె చాపింది. వేళ్ల నిండా నల్లటి, ఊదారంగు మచ్చలు. ముళ్లబంతి గుర్తు అది. ఎర్రటి చుక్క ఒక్కటీ లేదు.

"ముల్లు ఛాతీ మీద ఎప్పుడైనా గుచ్చుకుందా?"

"రబ్బరు సూటు తొడిగాక అక్కడికి మొగుడి చెయ్యే పోదు. ముల్లు ఎలా పోతుందయ్యా?"

నిజమే. చినామి సూటును నిన్న అతడే అంగుళం అంగుళం వెతికాడు. చిన్న రంధ్రం కూడా లేదు.

 ఆమెను పొడిచినది బయటనుంచి రాలేదు. సూటు లోపలే ఉంది.

"సూటు లోపల మీరేమైనా దాచుకుంటారా?"

 షిగే బదులిచ్చింది.

"సీజను మొదటి వారంలో ఎన్నడూ చూడనిది దొరికితే, వలసంచిలో వెయ్యం. సంచిలోది సంతకి పోతుంది. ఇది దేవుడిది. మెడ దగ్గర్నుంచి గుండె మీదికి తోసుకుంటాం."

"చినామికి దొరికిందా?"

"సూటు విప్పుతుంటే జారిపడింది. ముచ్చటైన గవ్వ. నేనే తీసి గిన్నెలో ఉప్పునీళ్లు పోసి, దేవుడి బల్ల మీద పెట్టాను. చినామి పేరు చెప్పి ఇవాళ సముద్రంలో వదలాలి."

అంటూనే ఆమె లేచింది. బల్ల మీది గిన్నెలోకి వేళ్లు దించబోయింది.

"చెయ్యి తియ్యి అవ్వా. మెల్లగా."

ముకాయ్ అరవలేదు. ఆ గొంతులో ఏముందో గాని, ఆమె బిగుసుకుపోయింది.

గిన్నెలో అరచేతంత గవ్వ. గోధుమరంగు వలలాంటి గీతలు. దాని సన్నటి కొసనుంచి గొట్టంలాంటి మూతి ఒకటి బయటికి సాగి, ఆమె వేళ్లున్న వైపుకు నిదానంగా వెతుకుతోంది.

"దక్షిణ ద్వీపాల్లో నాలుగేళ్లు పనిచేశాను," అన్నాడు ముకాయ్. "దీనివల్ల చచ్చిపోయిన జాలరిని చూశాను. దీని నోట్లో విషపు బాణం ఉంటుంది. గుచ్చిన సంగతే తెలియకపోవచ్చు. ముందు చేతులు పడిపోతాయి. తర్వాత ఊపిరి." అతడు గెంజిరొ వైపు తిరిగాడు. "ఆమె తాడు గుంజలేదంటే, చేతులు కదల్లేదు."

"ఇక్కడ అలాంటివి ఉండవు కదా?" అన్నారెవరో.

"పుస్తకంలో దీని హద్దు ఇక్కడికి వెయ్యి కిలోమీటర్ల దక్షిణాన ఆగిపోతుంది. అందుకే డాక్టరు ముళ్లబంతి అని రాశాడు. గవ్వ పుస్తకం చదవదు. నీళ్లు వెచ్చబడితే వస్తుంది."

ఆడవాళ్లలో మూలన కూర్చున్న ఫుసాయె లేచి, బిస్కట్ల డబ్బా తెచ్చి మూత తీసింది. అవే గీతలున్న ఖాళీ గవ్వలు నాలుగు.

"మూడేళ్లుగా ఏరుతున్నాను. ఎవరూ అడగలేదు కదా."

ముకాయ్ స్టేషన్‌కు ఫోన్ చేశాడు. అప్పటికి తొమ్మిదీ పది. అరెస్టు ఆగింది.  తాడు పట్టే మగవాళ్లు గుమ్మం దగ్గర గుమిగూడారు. వాళ్ల వెనక రేవులో ఒక్క పడవ కట్టూ ఎవరూ విప్పలేదు.

"సార్." గెంజిరొ ముందుకు జరిగాడు. "నేను యాభైకే లాగి ఉంటే?"

అబద్ధం చెప్పడం తేలిక. ముకాయ్ అది చెప్పలేకపోయాడు.

"ఆ విషానికి మందు లేదు. కానీ ఆస్పత్రికి చేరేదాకా నోటితో ఊపిరి ఊదుతూ ఉంటే, బతికినవాళ్లు ఉన్నారు."

 గెంజిరొ గుమ్మంలోని మగవాళ్లను చూశాడు. తర్వాత చాప పరిచి, దాని మీద వెల్లకిలా పడుకున్నాడు.

"ఊపిరి ఎలా ఊదాలో నా మీద చూపించండి సార్. వీళ్లు నేర్చుకోవాలి."