డైరెక్ట్ కుదరదు, కిలో కిలో!

“కిలో కిలో, డైరెక్ట్ ఇప్పించండి మేడమ్!”

“కిలో కిలో, కుదరదు. కొండ బీకన్ దాకా వెళ్ళి, అక్కడ ఎడమకు తిరిగి, ఏటి బీకన్ పట్టుకుని రండి.”

“మరీ చుట్టు తిరుగుడండీ!”

“గాల్లో తిరిగితే టైర్లు అరగవు. రండి.”

ఇదీ వాళ్ళ తొలి పలకరింపు. ఆమె కింద, రాడార్ తెర ముందు కూర్చుని విమానాలకు దారి చెప్పే కంట్రోలరు. అతను పైన, ముచ్చటపడి ఒక చిన్న విమానం కొనుక్కున్న పళ్ళ డాక్టరు. పక్క ఊళ్ళో ఇంకో క్లినిక్కు ఉంది గనక శనివారం శనివారం ఎగిరి వెళ్ళి ఎగిరి వస్తాడు. విమానం పేరులో చివరి అక్షరాలు రెండూ ‘కె’లే. రేడియో భాషలో ‘కె’ని ‘కిలో’ అంటారు కాబట్టి అతను కిలో కిలో. రాడార్ గదిలో వాళ్ళు పెట్టుకున్న పేరు ‘రెండు కిలోలు’.

తగువల్లా దారి గురించే. మబ్బుల్లో దూరాక కిటికీలోంచి దూది తప్ప ఇంకేమీ కనపడదు. పరికరాలే కళ్ళు. అలాంటప్పుడు తప్పిపోకుండా, నేల మీంచి రేడియో సంకేతాలు పంపే ఒక బీకన్ నుంచి ఇంకో బీకన్‌కి ఆకాశంలో రోడ్లు గీసి పెట్టారు. వాటినే ఎయిర్‌వేలంటారు. గుంతలుండవు గానీ మలుపులుంటాయి. మన డాక్టరు దగ్గరేమో ఉపగ్రహాలను నమ్ముకుని ముక్కుసూటిగా తీసుకుపోయే జీపీఎస్ పెట్టె ఉంది. ఆ ముక్కుసూటి దారే ‘డైరెక్ట్’.

“రూట్ కెనాల్ చేసేవాణ్ణి, నాకే రూటు నేర్పుతుందా?” అని పళ్ళు నూరాడు. పళ్ళు నూరొద్దని రోజూ ఊరందరికీ చెప్పే మనిషి!

ఆర్నెల్లు అడిగాడు. ఆర్నెల్లూ కుదరదంది. ఒక వానరోజున దిగీ దిగగానే, తడిసిన బూట్లతో కిచకిచమంటూ మెట్లెక్కి రాడార్ గదిలో ప్రత్యక్షమయ్యాడు.

“డైరెక్ట్ ఇవ్వని ఆవిడ ఎవరండీ ఇక్కడ?”

హెడ్‌ఫోన్ పక్కకి జరిపి ఒకమ్మాయి చూసింది. ఆ చూపు మాత్రం ఏ మలుపూ లేకుండా వచ్చి తగిలింది.

“నేనే. మీరు రెండు కి… కిలో కిలో కదూ? ఇలా రండి.” తెర మీద వేలితో గీత గీసింది. “ఇదీ మీ ముక్కుసూటి దారి. ఇక్కడ పెద్ద జెట్లు దిగుతుంటాయి. ఇదిగో కొండ. మీరొచ్చే ఎత్తులో దీని వెనక్కి వెళ్ళారా, నా తెర మీంచి మాయం.”

“నాకు శాటిలైట్ ఉందిగా!”

“మీరెక్కడున్నారో మీకు తెలుస్తుంది, సరే. నాకు తెలియొద్దూ? మీరు కనపడకపోతే ఇక్కడ నాకు కాలూ చెయ్యీ ఆడదు.”

అనేసి నాలిక్కరుచుకుంది. డాక్టరుకు ఆ నాలుకా, దాన్ని కరిచిన పన్నూ రెండూ నచ్చాయి.

ఇక్కడ మొదలైంది తమాషా. గాల్లో ముక్కుసూటి మనిషి నేల మీద వట్టి డొంకతిరుగుడు. ఆమెతో మనసులో మాట చెప్పడానికి రాడార్ గది మొత్తానికి ఉచిత దంత పరీక్ష ప్రకటించాడు. అందరూ వచ్చారు, ఆమె తప్ప. చివరికి ఆ గది సూపర్‌వైజరు దవడ పట్టుకుని లబోదిబోమన్నాడు.

“నీ ప్రేమ మొలకెత్తాలంటే మా పళ్ళన్నీ ఊడాలా నాయనా?”

మర్నాడు ఆమే వచ్చి కుర్చీలో కూర్చుంది.

“నోరు తెరవండి,” అన్నాడు బుల్లి అద్దం అందుకుంటూ.

“తెరవాల్సింది మీరు.”

“అంటే… వాతావరణం బాగుంది కదా… మా పెద్దక్క ఏమంటుందంటే…”

“అబ్బ, ఎన్ని బీకన్లండీ బాబూ! నాకిష్టమే. వెళ్ళి మా నాన్నని అడగండి. ఆయన అచ్చమైన ఎయిర్‌వే మనిషి, జాగ్రత్త.”

ఆ నాన్న జుట్టు నెరిసిన కెప్టెన్‌గారు. ఇప్పుడు ఫ్లయింగ్ క్లబ్బులో పాఠాలు చెబుతారు. సంగతంతా విని, జేబులోంచి గళ్ళ రుమాలు తీశారు.

“శాటిలైటు లేకపోతే నువ్వెవరివయ్యా? ఈ శనివారం నీ పక్కన కూర్చుంటా. నీ పెట్టె మీద ఈ రుమాలు కప్పుతా. బీకన్ సూది చూసుకుంటూ ఎయిర్‌వే పట్టుకుని రావాలి. గీత తప్పావా, నా గడప తొక్కకు. మా అమ్మాయికి చెప్పకు.”

శనివారం. మబ్బు. పెట్టె మీద రుమాలు. జనానికి సూదులు గుచ్చి బతికేవాడు, బీకన్ చూపించే ఆ సన్నటి సూదిని దేవుణ్ణి చూసినట్టు చూస్తూ నడుపుతున్నాడు. కొండ బీకన్ దగ్గరపడింది. ఇంకాసేపట్లో ఎడమకు తిరగాలి.

అప్పుడు రేడియోలో తేనె.

“కిలో కిలో, ఇవాళ బాగా ఎత్తులో ఉన్నారు. కొండ వెనకైనా నాకు కనిపిస్తారు. జెట్లు ఇంకా దూరంలో ఉన్నాయి. అక్కణ్ణుంచి మీకు డైరెక్ట్!”

కెప్టెన్‌గారు మీసం కింద నవ్వుకుంటూ అతని వైపే చూస్తున్నారు. అతను మైకు నొక్కాడు.

“కిలో కిలో… కుదరదండీ. ఎయిర్‌వేలోనే వస్తాను.”

“ఏంటీ? ఆర్నెల్లు ప్రాణం తోడేసి, ఇస్తుంటే వద్దంటారా? అలకా?”

“అలక కాదండీ. పెట్టె మీద రుమాలుంది.”

“ఎవరి రుమాలు?”

“మీ నాన్నగారిది.”

అంటూనే ఎడమకు తిప్పాడు. సూది నడిమధ్యన కదలకుండా నిలబడింది. కెప్టెన్‌గారు ఉండబట్టలేక మైకు నొక్కారు.

“అమ్మాయ్! ఇన్నేళ్ళుగా నీ తెర మీద ఎగురుతున్నాను. కన్నతండ్రిని! నాకెప్పుడైనా డైరెక్ట్ ఇచ్చావా?”

“మీరెప్పుడైనా అడిగారా నాన్నా?”

కెప్టెన్‌గారు మెల్లగా రుమాలు లాగి ముఖం తుడుచుకున్నారు. ముఖాన చెమట లేదు.

“గీత తప్పలేదు. నొక్కవయ్యా ఆ పెట్టె. పిల్ల రమ్మంటుంటే ఇంకా చుట్టు తిరుగుతావేం?”

“మరి… గడప?”

“ముందు రన్‌వే తొక్కు. గడప తర్వాత తొక్కుదువుగాని, అల్లుడూ!”

డాక్టరు పెట్టె నొక్కాడు. మైకూ నొక్కాడు.

“కిలో కిలో, డైరెక్ట్ తీసుకుంటున్నాను. ఇంకో ముక్క కూడా డైరెక్టుగా చెప్పేస్తున్నా. మీరంటే నాకు ప్రాణం.”

“కిలో కిలో…” ఆ గొంతు తొలిసారి తడబడింది. “ఇక్కడ ప్రతి మాటా రికార్డవుతుంది. దిగాక మళ్ళీ చెప్పండి. రెండుసార్లు.”

ఇంతలో దూరంగా వస్తున్న పెద్ద జెట్ పైలట్ గొంతు సవరించుకున్నాడు.

“మేడమ్, ఇవాళ డైరెక్టులు పంచుతున్నట్టున్నారు. మాకూ ఒకటి…”

“మీకు కుదరదు. కొండ బీకన్ మీంచి రండి.”