నంద పేరిట పతకం

పొద్దున్నే గ్యాస్ పొయ్యి పక్కన ఎత్తు పీట వేసుకుని నీలవ్వ పల్లీలు వేయిస్తోంది. మోకాళ్లు మాట వినడం మానేసి చాలాకాలమైంది. అయినా ఈ ఒక్క రోజు హోళిగెలు, అంటే పల్లీల బొబ్బట్లు, ఇంకొకరి చేత చేయించదు. బెళగావి నుంచి నిన్న సాయంత్రమే వచ్చిన కూతురు గంగ, పక్కన జొన్నరొట్టెలు తడుతోంది. మనవరాలు ఇంచర గడప మీద కూర్చుని వంకాయలకు గాట్లు పెడుతోంది.

ఏడాదికొకసారి ఈ ఇంట్లో ఇలాంటి వంట జరుగుతుంది. నీలవ్వ పెద్ద కూతురు మహానంద ఈ ధారవాడలోనే ఎమ్మెస్సీ చదువుతూ, మొక్కలు సేకరించడానికి దాండేలి అడవికి వెళ్లి, కాళీ నదిలో కాలుజారి కొట్టుకుపోయింది. తండ్రి చెన్నవీరప్ప ఊళ్లో చేను అమ్మేసి విశ్వవిద్యాలయంలో ఆ పిల్ల పేరిట బంగారు పతకం పెట్టించాడు. వృక్షశాస్త్రంలో అందరికంటే ముందు నిలిచినవాళ్లది ఆ పతకం. స్నాతకోత్సవం మర్నాడు అది గెలిచినవాళ్లు ఈ ఇంటికి భోజనానికి రావాలి. ఆడపిల్ల వచ్చినా, మగపిల్లాడు వచ్చినా మొదటి ముద్ద నీలవ్వ తన చేత్తో నోట్లో పెట్టి, “మా నంద వచ్చింది” అని కళ్లు తుడుచుకుంటుంది.

అలా వచ్చి తిన్నవాళ్లలో ఇవాళ ఒకడు అటవీశాఖలో పెద్ద అధికారి. ఒకామె జిల్లా కలెక్టరుగా చేసి రిటైరైంది. ఇంకొకడు కరువును తట్టుకునే జొన్న వంగడం తయారుచేసి పేపర్లకెక్కాడు. ముందు గది గోడ నిండా వాళ్ల ఫొటోలే. ఎవరి పుట్టినరోజు ఎప్పుడో, ఎవరికి కారం పడదో నీలవ్వ నిద్రలో అడిగినా చెబుతుంది. చెన్నవీరప్ప పోయాక ఆ గోడే ఆమెకు తోడు.

గంగ ఫొటో మాత్రం లోపలి గదిలో బీరువా మీద ఉంటుంది.

“నందా, ఆ బెల్లం డబ్బా ఇలా అందుకో,” అంది నీలవ్వ.

“ఇదిగో అజ్జీ,” అని ఇంచర లేచి డబ్బా అందించింది.

రొట్టె తడుతున్న గంగ చెయ్యి ఆగిపోయింది. పెనం మీది రొట్టె ఒక పక్క మాడి పొగ వచ్చింది.

“చూసుకోవే. ఆ చేతికి తిమ్మిరి ఇంకా వదల్లేదా?” అంది నీలవ్వ. అది పాత దెప్పు. గంగ కూడా అక్క చదివిన చదువే చదివింది. తప్పకుండా పతకం వస్తుందనుకున్న పిల్ల, చివరి పరీక్షలో చెయ్యి తిమ్మిరెక్కి ఒక ప్రశ్న వదిలేసొచ్చింది. మూడంటే మూడు మార్కులతో పతకం చేజారింది. ముప్పై ఏళ్లుగా, గంగ చేతిలోంచి గ్లాసు జారినా, గరిటె జారినా నీలవ్వ నోట్లోంచి ఆ తిమ్మిరి మాట రావలసిందే.

గంగ మాడిన రొట్టె తీసి తన కోసం పక్కన పెట్టుకుంది.

నిజానికి ఆ రోజు వంటింట్లో ఒక గూడుపుఠాణీ నడుస్తోంది. డిగ్రీ పూర్తిచేసిన ఇంచర, ఇక్కడే అజ్జి దగ్గర ఉండి వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ చేస్తానంటోంది. గంగ వీల్లేదంటోంది. బెంగళూరు వెళ్లు, మైసూరు వెళ్లు, ఇక్కడ మాత్రం వద్దంది. కారణం అడిగితే చెప్పదు. ఇంచర తండ్రి శివానంద నచ్చజెప్పబోతే ఆయనతో రెండు రోజులు మాట మానేసింది. నీలవ్వకేమో కళ్లు మూసేలోగా ఆ పతకం ఒక్కసారి సొంత ఇంటికి రావాలని కోరిక. కూతురి వల్ల కానిది మనవరాలి వల్ల అవుతుంది. అందుకే ఇవాళ్టి అతిథి చేత గంగకి గట్టిగా చెప్పించాలని ఆమె పథకం. ఇంచరకి ఆ సంగతి తెలుసు. గంగకి తెలియదు.

అతిథి అలాంటిలాంటి మనిషి కాదు. డాక్టర్ వారిజా ఇనామ్‌దార్. కొండమొక్కల మీద ఆమె చేసిన పరిశోధన దేశదేశాల్లో చదువుతారు. ఈ ఏడు పతకం గెలిచిన కుర్రాడు ఇంటర్వ్యూ ఉందని రాత్రి బండికే వెళ్లిపోయాడు. అదే సమయానికి విశ్వవిద్యాలయంలో, అక్కడ చదివి పేరు తెచ్చుకున్నవాళ్ల చిత్రాలతో ఒక మందిరం తెరిచారు. అందులో తన చిత్రం ఆవిష్కరణకి వచ్చిన వారిజ, ఒకప్పుడు భోజనం పెట్టిన ఇల్లు చూడాలని తానే కబురు చేసింది. గంగతో కలిసి చదివిన మనిషి. గంగకి తప్పిన పతకం అందుకున్నది ఆమే.

*

వారిజ వచ్చీ రాగానే చెప్పులు వదిలి నీలవ్వ కాళ్లకు దండం పెట్టింది. జుట్టు నెరిసింది కానీ నడకలో హడావిడి అలాగే ఉంది. గోడ మీద తన పాత ఫొటో వెతుక్కుని, “ఈ రెండు జడల అమ్మాయిని చూస్తే నాకే నవ్వొస్తోందమ్మా” అంది. నిన్న తన చిత్రం మీది తెర లాగుతుంటే అది ఇరుక్కుపోయిందనీ, వైస్ చాన్సలరు కుర్చీ ఎక్కాల్సి వచ్చిందనీ చెప్పి అందరినీ నవ్వించింది. గంగ వంటింటి గుమ్మంలో కనబడగానే మాత్రం ఆమె నవ్వు సగంలో ఆగింది. ఇద్దరూ బాగున్నావా అంటే బాగున్నావా అనుకున్నారు. అంతకుమించి మాట కలవలేదు.

విస్తరి వేశారు. హోళిగె మీద నెయ్యి పోశారు. నీలవ్వ అలవాటు ప్రకారం మొదటి ముద్ద కలిపి వారిజ నోట్లో పెట్టి, “మా నంద మళ్లీ వచ్చింది” అంది. వెనక గంగ నీళ్ల చెంబు పట్టుకుని నిలబడి ఉంది.

వారిజ నాలుగు ముద్దలు తిన్నాక నీలవ్వ మాట కదిపింది. మనవరాలి చదువు సంగతి, కూతురి మొండితనం, తన ఆశ అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. చివర్లో కొంగు చాపినంత పని చేసింది.

“నువ్వు చెబితే వింటుందమ్మా. నీ ఫొటో అక్కడ గోడకెక్కింది. మా ఇంటి పిల్లది కూడా ఒకటి ఎక్కాలని నాకుండదా? గంగ వల్ల కాలేదు. చెయ్యి తిమ్మిరెక్కిందని వదిలేసొచ్చింది. దీన్నైనా చదవనిమ్మని చెప్పు.”

వారిజ విస్తరిలోంచి చెయ్యి తీసింది. తల తిప్పి గంగ వైపు చూసింది.

“ఇన్నేళ్లలో చెప్పలేదా నువ్వు?”

“భోజనం చెయ్యి వారిజా,” అంది గంగ.

“చేశాను. ఈ ఇంట్లో ఒకసారి తిన్న భోజనమే ఇంకా గొంతు దిగలేదు.” వారిజ నీలవ్వ వైపు తిరిగింది. గొంతు తగ్గించింది. “అమ్మా, ఆ రోజు నేను తన వెనక బల్ల మీద ఉన్నాను. తన చెయ్యి తిమ్మిరెక్కలేదు. చివరి ప్రశ్నకి బొమ్మ గీసింది. పక్కన పేర్లన్నీ రాసింది. తరవాత ఆ పేజీ మొత్తం అడ్డంగా కొట్టేసింది. పెన్నుకి క్యాప్ పెట్టి, గంట కొట్టేదాకా చేతులు కట్టుకుని కూర్చుంది. బయటికొచ్చాక అడిగితే తిమ్మిరంది. నమ్మినట్టు నటించాను. నమ్మకపోతే పతకం ఎలా తీసుకుంటాను?”

వంటింట్లో కుక్కరు కూత వేసింది. ఇంచర వెళ్లి పొయ్యి కట్టేసి వచ్చింది.

నీలవ్వకి ముందు కోపం వచ్చింది. వచ్చిన మనిషి ఎదుటే కూతుర్ని నిలదీసింది. అక్క పేరున్న పతకం వద్దనుకోవడానికి అంత పగేమిటంది. పోయిన తండ్రి ఎంత కుమిలిపోయాడో తెలుసా అంది. ఇంచర మధ్యలో ఏదో అనబోతే నోరు మూయించింది. గంగ అన్నీ వింది. చెంబు కింద పెట్టింది.

“పగ కాదమ్మా. మొదటి ఏడు ఒకామె వచ్చింది, గుర్తుందా? పీట మీద కూర్చోబెట్టి ముద్ద పెట్టావు. నంద వచ్చిందన్నావు. నాకప్పుడు పదమూడేళ్లు. ఇదే చోట నీళ్లు పట్టుకుని నిలబడ్డాను. అక్క పోయాక నువ్వెవరికైనా చేత్తో తినిపించడం అదే మొదటిసారి చూడ్డం. ఆ ముద్ద కోసమే చదివాను నేను. మొక్కల మీద ఇష్టం తరవాత పుట్టింది.”

“మరి రాసిన పేజీ ఎందుకు కొట్టేశావే?”

“బొమ్మ గీస్తూ అదే తలుచుకున్నాను. రేపు నన్ను కూడా కూర్చోబెట్టి పెడుతుంది అనుకున్నాను. అప్పుడు తట్టింది. పెట్టేది గంగకి కాదు, నందకి. అది తిన్న తరవాత ఇంట్లో గంగ అనే మనిషి ఎందుకు నీకు?” ఆమె కంఠం వణకలేదు. అది నీలవ్వని మరింత భయపెట్టింది. “నేను తప్పుకున్నాను. పెళ్లి చేసుకుని పోయాను. పొద్దున దీన్ని నందా అని పిలిచావు. ఇది పలికింది. ఎన్నాళ్లుగానో అలవాటైనట్టు పలికింది. దీన్నెలా తప్పించను, చెప్పు?”

ఇంచర ముఖం పాలిపోయింది. అజ్జి తనని అలా పిలుస్తోందని ఆ పిల్ల ఎప్పుడో గమనించడం మానేసింది.

“చచ్చిపోయిన పిల్లని తలుచుకోవడం కూడా తప్పేనా?” అంది నీలవ్వ. మాట పెళుసుగా వచ్చింది.

“తప్పని నేనెప్పుడన్నాను? నేనూ తలుచుకుంటాను. నాకు అక్క కాదా?”

నదిలో పోయింది తన కూతురని మాత్రమే ఇన్నేళ్లూ నీలవ్వకి తెలుసు. ఆ రాత్రి నుంచి అక్క పక్క ఖాళీ అయిన మంచం మీద ఒక పిల్ల ఒంటరిగా పడుకుందని ఏనాడూ అనుకోలేదు.

ఆ పిల్లని గుర్తుచేసుకోబోయింది. పదమూడేళ్ల గంగ ఎలా ఉండేది? ఏం తినేది? ఎవరితో ఆడుకునేది? అటవీశాఖ అధికారికి వంకాయ పడదని తెలుసు. కలెక్టరమ్మ కొడుకు పేరు తెలుసు. గంగ గురించి ఎంత తడుముకున్నా నీళ్ల చెంబు పట్టుకున్న చెయ్యి తప్ప ఇంకేమీ తగల్లేదు. కళ్లు మసకబారాయి. ఈసారి ఆ కన్నీళ్లు నంద కోసం కాదు.

వారిజ లేచి చెయ్యి కడుక్కుంది. పెరట్లో ఏమేం మొక్కలున్నాయో చూపించమని ఇంచరని పిలిచింది. ఆ పిల్ల కదలకుండా అజ్జి వైపు చూసింది.

“వెళ్లు ఇంచరా,” అంది నీలవ్వ. “నువ్వేం చదవాలో నువ్వూ మీ అమ్మా తేల్చుకోండి. నా కోసం, ఆ పతకం కోసం అయితే మాత్రం వద్దు.”

“నాకు మొక్కలంటేనే ఇష్టం అజ్జీ. పతకం నువ్వన్నావు గానీ నేననలేదు,” అంది ఇంచర. తల్లి వైపు తిరిగింది. “ఇక్కడే అయినా పర్లేదమ్మా. ఇంకోసారి అలా పిలిస్తే పలకను.”

అజ్జి ఇంట్లో కాక హాస్టల్లో ఉంటానంటే చదువుకోమంది గంగ. ఇంచర తలూపి వారిజ వెంట వెళ్లింది.

ఇంట్లో ఇద్దరే మిగిలారు. నీలవ్వ గోడ పట్టుకుని లేచింది. రెండు కొత్త విస్తళ్లు తెచ్చి ఎదురెదురుగా వేసింది. వద్దమ్మా నేను తరవాత తింటానని గంగ అంటున్నా వినకుండా రెక్క పట్టుకుని పీట మీద కూర్చోబెట్టింది. గంగ తన కోసం తీసిపెట్టుకున్న మాడిన రొట్టె తానే తీసుకుని, ఆమెకి మంచి రొట్టెలు వడ్డించింది. అన్నం, వంకాయ కూర వేసింది. హోళిగె తుంచి నెయ్యిలో ముంచింది. ముద్ద పట్టుకున్న చెయ్యి కూతురి నోటి దాకా వెళ్లి ఆగింది.

ఆ ముద్ద నందది. ఇన్నేళ్లూ ఎవరికి పెట్టినా అది నందదే.

నీలవ్వ దాన్ని మెల్లిగా తన విస్తరిలో పెట్టేసుకుంది. కష్టం మీద మోకాళ్లు ముడుచుకుని కూతురి ఎదురుగా కింద కూర్చుంది. గంగ తల వంచుకుని తింటోంది. కన్నీళ్లు కూరలో పడుతున్నా తుడుచుకోవడం లేదు. నీలవ్వకి తప్పయిపోయిందని అనడానికి నోరు రాలేదు. అన్నా, ఆ ఒక్క మాట ఇన్నేళ్లకి ఎక్కడ సరిపోతుంది?

“ఏం ప్రశ్న అది?” అంది చివరికి.

“ఏది?”

“నువ్వు కొట్టేసింది.”

గంగ తలెత్తి చూసింది. తల్లి ఏడో తరగతి దాకా చదివింది. తన చదువు గురించి మార్కులు తప్ప ఇంకొక్క ముక్క ఎన్నడూ అడిగిన మనిషి కాదు.

“నీళ్లలో బతికే మొక్కల గురించమ్మా. నీకర్థం కాదులే.”

“చెప్పు.”

గంగ ఎడం ముంజేత్తో కళ్లు తుడుచుకుంది. తామరతూడుని అడ్డంగా కోస్తే లోపల సన్నని గొట్టాలుంటాయని చెప్పడం మొదలుపెట్టింది. వేళ్లు అడుగున బురదలో ఉంటాయనీ, అక్కడికి గాలి అందదనీ, లేత ఆకులు పైన పీల్చుకున్న గాలి ఆ గొట్టాల వెంట కిందిదాకా దిగుతుందనీ చెప్పింది. విస్తరి అంచున మెతుకులతో గుండ్రంగా బొమ్మ పెట్టి చూపించింది. మధ్యలో ఆగి తల్లి వైపు చూసింది.

నీలవ్వకి అందులో సగం అర్థం కాలేదు. ఆ మెతుకుల బొమ్మనీ, కూతురి ముఖాన్నీ మార్చి మార్చి చూస్తూ కొంచెం ముందుకి వంగింది.

“ఆ తరవాత?” అంది.