నలభై మిల్లీసెకన్ల ఆలస్యం

"లేటుగా వస్తా ఉండాది," అన్నది నివేదిత, హెడ్‌ఫోన్‌ను ఒక చెవి మీదనుంచి తొలగించి.

"ఏమి లేటు మేడమ్?" అన్నాడు దినకర్.

"నా గొంతు. నేను పాడినాక వస్తాది. నా వెనకాల ఇంకొకతి నిలబడి నన్ను ఎక్కిరిస్తా ఉన్నట్టుండాది."

దినకర్ తెరపైనున్న అంకెలను పరిశీలించి, వైద్యుడు రోగిని ఓదార్చే స్వరంతో ఇలా చెప్పాడు: "నలభై మిల్లీసెకన్లు. సెకనులో ఇరవై అయిదో భాగం. మనిషి చెవికి అది తెలియదు."

"అయితే నాది ఏమి చెవి?"

ఈ ప్రశ్నకు లినక్స్ గ్రంథాలలో సమాధానం లేదు.

దినకర్ వేలూరులోని ఒక కళాశాలలో కంప్యూటర్ ల్యాబ్ బాధ్యుడు. ఇతరులు పాతదని మూలకు నెట్టిన ప్రతి యంత్రానికీ లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించి ప్రాణం పోయగలనన్న విశ్వాసం అతనికి మెండు. నివేదిత గుడియాత్తం నెల్లూరుపేటలో గణితం బోధించే ఉపాధ్యాయిని. ఆమె తోటి ఉపాధ్యాయిని ఎవాంజలిన్ సిఫారసుపై ఆమె పాత కంప్యూటర్‌ను పాట రికార్డు చేసేందుకు సిద్ధం చేయడానికి ఆ ఆగస్టు ఆదివారం అతడు బస్సెక్కి వచ్చాడు. దారిలో వాన పట్టుకున్నది. అతడు నిలువునా తడిసి గుమ్మంలో నిలబడ్డాడు గాని, ప్లాస్టిక్ సంచిలో చుట్టి తెచ్చిన పెన్‌డ్రైవ్ మాత్రం పొడిగా ఉన్నది. ఆ సంగతిని నివేదిత గమనించి, నవ్వును పెదవుల చాటున దాచుకున్నది.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కూడ ఒక ఘట్టం జరిగింది. యంత్రం ఏ భాషలో మాట్లాడాలని అడిగింది.

"తెలుగులో పెట్టేదా మేడమ్?"

"పెట్టినాక చదివేదెవరు? మీరా?"

"నాకు మాట్లాడేది వస్తాది, చదివేది రాదు."

"నాకూ అంతే. పాటలన్నీ తమిళ అక్షరాల్లోనే రాసి పెట్టుకున్నాను."

ఇద్దరి అజ్ఞానమూ సమానమని తేలిన క్షణంలో వారి నడుమ తొలి సఖ్యం ఏర్పడింది. ఇప్పుడా నలభై మిల్లీసెకన్లు దానిని చెడగొట్టినవి.

"ఏమి సండ అది? ఎందుకు కొట్లాట?" అంటూ లోపలినుంచి వచ్చినది రాజాంబాళ్, నివేదితకు నాయనమ్మ. డెబ్బై ఆరేళ్ళ మనిషి. నడుము వంగినా గొంతు వంగలేదు. "ఎవరి బిడ్డవు నాయనా నువ్వు?"

"నాట్రంపల్లి కన్నప్ప మేస్త్రి కొడుకును అవ్వా."

"మేస్త్రి కొడుకువా? తాపీ పట్టుకునేది విడిచిపెట్టి ఈ పెట్టెను పట్టుకున్నావా? సరే, ఆ చెవి మూత నాకీ."

అవ్వ హెడ్‌ఫోన్ ధరించి, మైకు ముందు బల్లను అరచేతితో ఒక్కమారు కొట్టింది. మళ్ళీ కొట్టింది.

"లేటే. నా చెయ్యి పడినాక చప్పుడు వస్తాది."

"అవ్వా, అది కంప్యూటర్ లెక్క ప్రకారం..."

"నీ లెక్క పక్కన పెట్టు నాయనా. తలపైకి చూడు. ఈ మిద్దె మేము కొట్టినది. ఇరవైమంది ఆడోళ్ళు వరసగా కూర్చొని, సున్నం మీద కరక్కాయ బెల్లం నీళ్ళు చల్లుతా, చెక్కలతో కొట్టేది. పాట ఎత్తేది నేను. ఒకతి చెయ్యి లేటుగా పడినా నాకు తెలుస్తాది. అట్ల లేటు చేసిన దానికి దండన ఏమో తెలుసునా? అందరూ ఆపేస్తారు. ఆమె ఒంటిగా ఒక చరణం పాడాల."

దినకర్ తలపైకి చూశాడు. బయట వాన ధారాపాతంగా కురుస్తున్నది. లోపలికి దాని చప్పుడు గుసగుసగా మాత్రమే దిగుతున్నది. పట్నంలో రికార్డింగ్ గదులకు దూది పలకలు అతికించి సాధించే నిశ్శబ్దాన్ని ఇరవైమంది స్త్రీలు చెక్కలతో కొట్టి సాధించారని అతనికి అర్థమైనది.

నివేదిత కోరిక కూడ ఆ మిద్దెకు సంబంధించినదే. చెన్నైలోని ఒక సంస్థ శ్రమజీవుల పాటలను పోగుచేస్తున్నది. ఎంపికైన పది పాటలు, పాడినవారి పేర్లతో ఒక సంపుటంగా వెలువడతాయి. ఆ ఇరవైమందిలో మిగిలినది అవ్వ ఒక్కతే. ఆ పాట అవ్వ పేరుతో లోకంలో నిలవాలన్నది మనుమరాలి పట్టుదల. గడువు అక్టోబరు ఒకటి, సాయంత్రం ఆరు గంటలు.

"వచ్చే ఆదివారం సరిచేస్తాను మేడమ్," అన్నాడు దినకర్ వినయంగా.

వచ్చే ఆదివారం వచ్చినది; ఒక కేబుల్ సరిగా లేదన్నాడు. ఆపై ఆదివారం అప్‌డేట్ పూర్తికాలేదన్నాడు. నాలుగో ఆదివారం అతడు చెప్పిన కారణం నివేదితకు అర్థం కాలేదు. అతనికి అర్థమైనదో లేదో కూడ సందేహమే. ఈలోగా "మేడమ్" పోయి "నివేదితా" వచ్చినది. అవ్వ కాఫీలో చక్కెర ఎంత వేయాలో అడగడం మానివేసినది. సెప్టెంబరు ఇరవై ఎనిమిదిన, ఆరవ ఆదివారం, ఆలస్యం ఆరు మిల్లీసెకన్లకు దిగినదని అతడు ప్రకటించాడు. అవ్వ బల్ల కొట్టి చూచి ఒప్పుకొన్నది. కాని ఆనాడు నివేదితకు గొంతు పట్టివేసింది.

"బుధవారం సెలవే కదా, ఆ దినం పాడేస్తాను," అన్నదామె బొంగురుగా.

ఆ బుధవారం ఆయుధపూజ. ఈ సంగతి ముగ్గురికీ తెలుసు. దాని పర్యవసానం ఒక్కరికీ తోచలేదు.

బుధవారం మధ్యాహ్నం నాలుగున్నరకు దినకర్ చేరేసరికి నివేదిత గడపమీద కూర్చుని ఉన్నది. చేతిలో మరమరాల సంచి. ముఖం మబ్బుపట్టిన జవ్వాదు కొండలా ఉన్నది.

"లోపల చూడు," అన్నది.

దినకర్ తొంగి చూశాడు. కంప్యూటర్ బల్లమీదనే పూజ జరిగినది. తాపీలు, తూకపు గుండు, మట్టపు పలక, అవ్వ నాటి కొట్టుడు చెక్క వరుసగా పేర్చబడి ఉన్నవి. వాటి నడుమ మానిటరు మెడలో చామంతి దండ. కీబోర్డుకు విభూతి. మైకు ముఖంమీద గంధం, దానిపై రూపాయంత కుంకుమ.

"నేను బజారుకు పోయి వచ్చేలోపల పెట్టేసినాది," అన్నది నివేదిత. "అమ్మా నాయనా పని జరిగే చోట పూజకు పోయినారు. అడ్డం చెప్పేవాళ్ళు లేరు."

"మీ నాయనకు తాపీ ఎట్లనో నీకు ఇది అట్ల," అన్నది అవ్వ లోపలినుంచి. "పనిముట్టుకు పూజ లేకుండా ఎట్ల? రేపు తెల్లారేదాకా దానిమీద చెయ్యి పడకూడదు."

"అవ్వా, ఈ దినమే గడువు. ఆరు గంటలకు పంపించాల!"

"నాకు నువ్వు చెప్పినావా? నా పాట కోసమని నేను కట్టుబాటు దాటితే ఆ పాట పాడేదానికి నాకు నోరు వస్తాదా?"

దినకర్‌కు ఈ కట్టుబాటు కొత్త కాదు. ఆ దినాన తన తండ్రి పెట్టెలోని దారపు ఉండను సైతం ముట్టని ఇంటిలో పెరిగినవాడు అతడు. పూజలో కూర్చున్న ఆయుధాన్ని లేపమనడం అతని వల్ల కాదు. అతని చూపు యంత్రం కింద మెరుస్తున్న చిన్న పచ్చదీపంపై ఆగినది.

"అవ్వా, దాన్ని ఆపలేదా?"

"ఆపేది నాకేమి తెలుసు? దీపం వెలుగుతా ఉండాది, ఉండనీ అని విడిచినాను."

దినకర్ ముఖం వెలిగింది. "అవ్వా, నేను తాకను. గడప దాటను. ఇక్కడ నిలబడి నా ఫోన్ నుంచి దానికి చెప్పినానంటే అదే రికార్డు చేసుకుంటాది. నివేదిత మైకును ముట్టుకోకుండా ముందర నిలబడి పాడితే చాలు."

"ఫోన్‌కు మీ ఇంట్లో బొట్టు పెట్టలేదా?"

"మా అమ్మ అడిగినాది. నేను ఇయ్యలేదు."

"ఎందుకు?"

దినకర్ కొంచెం తడబడ్డాడు. "దోవలో ఎవరన్నా పిలుస్తారేమోనని."

అవ్వ పూజలోని తన చెక్క వంక చూచినది. "మేము కూడ ఈ దినం చెక్కలు పూజలో పెట్టి, వాటి ముందర వట్టి చేతులతో చప్పట్లు కొట్టి పాడేది ఉండింది. పాడేది పని కాదు. సరే, కానీ."

దినకర్ గడప అవతల నిలబడి, ఫోన్‌లో నల్లని తెర తెరచి, తెల్లని అక్షరాలు టైపు చేయసాగాడు. నివేదిత అతని భుజంమీదుగా చూస్తున్నది. దస్త్రాల జాబితా ఒకటి తెరపై నిలిచినది. ప్రతిదాని పక్కన అది తయారైన తేదీ.

"ఆగు," అన్నది నివేదిత. "ఆ ఆరు మిల్లీసెకన్ల సెట్టింగు ఇదే కదా? దీని పక్కన ఆగస్టు ఇరవై నాలుగు అని ఉండాది."

దినకర్ జాబితాను పైకి జరపబోయాడు.

"ఆగస్టు ఇరవై నాలుగు నువ్వు మొదట వచ్చిన దినం."

"అవును."

"అంటే ఆ దినమే సరిచేసేసినావు. కేబుల్ బాగలేదన్నది అబద్ధం. అప్‌డేట్ అబద్ధం."

"అప్‌డేట్ కొంచెం నిజం."

"దినకర్!"

అతడు ఫోన్‌ను దించి, చూరునుంచి జారుతున్న వాననీటి వంక చూస్తూ అన్నాడు: "నువ్వు కాఫీ పెట్టేదానికి లోపలికి పోయినప్పుడు సరిపోయినాది. నువ్వు వచ్చేలోపల మళ్ళీ పాతదే పెట్టేసినాను. చెప్పేసి ఉంటే పని అయిపోతాది. పని అయిపోతే ఈ ఇంటికి ఏమని చెప్పి వచ్చేది?"

"పని లేకపోతే మనిషి రాకూడదని ఎవరు చెప్పినారు నీకు?" అన్నది నివేదిత. "ఎప్పుడో పంపించి ఉండాల్సిన పాట. నీ వల్ల ఈ దినందాకా వచ్చినాది. ఇది పోతే అవ్వ పేరు పోతాది. తెలుసునా?"

"తెలుసు. నాది తప్పే. ఇది పంపించినాక రావద్దంటే రాను."

"ముందు రికార్డు కానీ. నీ సంగతి తర్వాత," అన్నది నివేదిత. కోపంలో ఆమె కన్నులు ఎర్రబడినవి గాని, ఆ ఎరుపు పూర్తిగా కోపానిదే అని చెప్పడానికి వీలులేదు.

అయిదు గంటల ఇరవై నిమిషాలు. యంత్రం లోపల చిన్న చప్పుడు చేసి మేలుకొన్నది. తెర వెలిగి, చామంతుల నడుమ ఒక ఆకుపచ్చ గీత కదలసాగినది. హెడ్‌ఫోన్ పూజలో ఉన్నది గనుక ఎవరి చెవికీ ఏ ఆలస్యమూ వినబడే అవకాశం లేదు. ఆరు ఆదివారాల వాదమంతా ఆ క్షణాన నిరర్థకమైనది.

అవ్వ చప్పట్లు మొదలుపెట్టినది. నివేదిత కలిసినది.

"దెబ్బకు దెబ్బ కలపండమ్మా,
వాన దిగని మిద్దె నిలపండమ్మా..."

అవ్వ గొంతులో అరవై ఏళ్ళు రాలిపోయినవి. పైన మిద్దె వానను అడ్డుకొంటూ తన వంతు తాను వహించినది. గడప అవతలినుంచి దినకర్ కూడ మైమరచి చప్పట్లు కలిపాడు. అంతలో ఫోన్ జారబోయింది. దానిని పట్టుకోబోయి ఒక దెబ్బ ఆలస్యంగా కొట్టాడు.

అవ్వ చేతులు ఆగిపోయినవి. నివేదిత చేతులూ ఆగినవి. ఇద్దరూ అతనివైపు తిరిగి చూశారు. అవ్వ గడ్డం ఎత్తి, కానీ అన్నట్టు సైగ చేసినది.

ఆకుపచ్చ గీత కదులుతూనే ఉన్నది. దినకర్ కళ్ళు మూసుకొని, ఆ రెండు పాదాలనూ ఒంటరిగా పాడాడు. శ్రుతి ఒక దిక్కు, అతడొక దిక్కు. నివేదిత పమిట నోటికి అడ్డం పెట్టుకొన్నది. అతని పాట ముగిసిన మరుక్షణం అవ్వ చప్పట్లు, లేశమైనా తడబాటు లేకుండా, మూడో చరణాన్ని అందుకొన్నవి.

మళ్ళీ పాడడానికి వ్యవధి లేదు. అయిదూ నలభై ఎనిమిదికి పాట చెన్నైకి వెళ్ళింది. యంత్రాన్ని ఎవరూ ముట్టలేదు.

దినకర్ చెప్పులు తొడుక్కొంటూ ఉండగా నివేదిత మరమరాల పొట్లం అతని చేతిలో పెట్టినది. "ఆదివారం రా."

"ఏమి పని ఉండాది?"

"ఏ పనీ లేదు," అన్నదామె.

డిసెంబరులో ఒక ఆదివారం, ఏ పనీ లేకుండా వచ్చి కూర్చున్న దినకర్ కాఫీ తాగుతూ ఉండగా, నివేదిత కంప్యూటర్ ముందునుంచి కేక వేసినది. "అవ్వా! నీ పాట ఎంచి ఎత్తుకున్నారు! పదిలో మూడోది!"

అవ్వ వచ్చి, తెరపై తన పేరును వేలితో తడిమి చూచుకొన్నది.

"ఇంకొకటి అడిగినారు," అన్నది నివేదిత, తెరవైపే చూస్తూ. "నడాన ఒంటిగా పాడినది ఎవరు, ఆ చోటు రొంబ సహజంగా ఉండాది, తీసేయవద్దు అంటా ఉన్నారు. పేరు రాయమన్నారు. అవ్వకు ఏమి వరసో కూడ రాయాలంట. నేను మనమరాలని రాసినాను. నీకు ఏమని రాసేది?"

ఈసారి దినకర్ నలభై మిల్లీసెకన్లు కూడ తీసుకోలేదు. "మనమరాలి మొగుడని రాయి."

నివేదిత వేళ్ళు కీబోర్డుమీద ఆగినవి. ఆమె వెనుదిరగలేదు, ఆమె చెవులు మాత్రం కుంకుమవన్నెకు తిరిగినవి. "అవ్వా, రాసేదా?" అన్నది మెల్లగా.

"రాసేముందు నాట్రంపల్లి నుంచి వాళ్ళ నాయన్ను పిలుచుకొని రమ్మను. మీ నాయనతో నేను మాట్లాడతాను," అన్నది అవ్వ. "ఈ సంబంధం నేను మొదటి ఆదివారమే అనుకున్నాను."

"మొదటి ఆదివారమా?"

"నువ్వు కాఫీ పెట్టేదానికి పోయినావు. ఈ పిల్లోడు చెవి మూత పెట్టుకొని బల్లమీద వేలితో కొట్టుకుంటా ఉండినాడు. మొదట తడబడినాడు. ఆమీద దెబ్బకు దెబ్బ సరిగ్గా పడినాయి. ఓహో, సరిపోయినాది అనుకున్నాను. అయినా వచ్చే ఆదివారం సరిచేస్తానన్నాడు."

దినకర్ మిగిలిన కాఫీని ఒక్క గుక్కలో తాగేశాడు. "తెలిసి కూడ చెప్పలేదేమి అవ్వా?"

"చెప్పి ఉంటే," అన్నది అవ్వ, ఖాళీ అయిన గ్లాసును అతని చేతినుంచి అందుకొంటూ, "రెండో ఆదివారం నువ్వు వచ్చి ఉంటావా నాయనా?"