సింకు కింది తలుపు

“ఇది చెక్కా, అట్టముక్కా?” అంటూ ఆమె ప్లైవుడ్ ముక్కను బల్లమీద టక్కున పెట్టింది.

కొత్తగా షాపు పెట్టిన వడ్రంగికి ఒళ్లు మండింది. “వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ మేడమ్. సింకు కింద తలుపుకి ఇదే కరెక్ట్. అసలు చెక్కయితే వానలకి ఉబ్బి బిగుసుకుపోతుంది.”

“బిగుసుకుంటే మీరొచ్చి సరిచేయరా?”

అనేసి నవ్వింది. అంతే! మర్నాటికల్లా మనవాడికి చెక్కే మంచిదనిపించింది. ప్రేమలో పడ్డవాడి బుర్ర అలాగే పనిచేస్తుంది మరి!

ప్లైవుడ్ తలుపు పదేళ్లయినా పేచీ పెట్టదు. పేచీ పెట్టకపోతే ఆ ఇంటికి మళ్లీ వెళ్లే దారేది? అక్కడితో ఆగినా బాగుండేది. తలుపుకీ చట్రానికీ మధ్య వానల కోసం వదలాల్సిన సందు కూడా కావాలనే తగ్గించాడు.

పని జరిగినన్నాళ్లూ ఆమెవి ఒకటే ప్రశ్నలు.

“చెక్కమీద ఈ గీతలేంటి?”

“చెట్టు వయసు.”

“మరి మీ వయసు?”

“మొహంమీద గీతలొచ్చాక లెక్కపెట్టుకోండి.”

ప్రేమిస్తున్నానని చెబుదామని నోరు తెరిచినప్పుడల్లా మేకుల గురించే మాట్లాడాడు. తొందరేముంది, వానలొస్తే తనే పిలుస్తుంది కదా అనుకున్నాడు.

వానలొచ్చాయి. చినుకు పడితే చాలు, ఫోన్ చూసుకునేవాడు. అది మోగితే ఒట్టు. ఒక్కసారి వెళ్లి “తలుపెలా ఉందండీ” అని అడగడానికి ఏం రోగం? ఆమే పిలవాలని మొండికేసి కూర్చున్నాడు.

వానల చివర్లో ఫోన్ చేసింది వాళ్లమ్మ. “ఆదివారం మా అమ్మాయి ఎంగేజ్‌మెంట్ బాబూ. ఇంటికి చుట్టాలొస్తారు. సింకు కింది తలుపు నేను లాగితే రావడమే లేదు. అమ్మాయేమో బాగానే ఉందంటుంది. కాస్త వచ్చి చూడు నాయనా.”

వెళ్లాడు. తలుపు ఊడదీసి చిత్రిక పడుతుంటే ఆమె వచ్చి నిలబడింది. వేలికి కట్టు ఉంది.

“వేలికేమైంది?”

“తలుపు లాగుతుంటే గోరు విరిగింది.”

అతను చిత్రిక ఆపేశాడు. “నన్నెందుకు పిలవలేదు?”

“పిలిచి ఏమనను? మీ పని బాలేదనా? అమ్మ వేరే మేస్త్రీని పిలుస్తానంటే, బాగానే వస్తోందని అబద్ధమాడాను.” వేలి కట్టు సర్దుకుంటూ అంది: “పనేం లేకపోయినా మీరే ఒకసారి వస్తారనుకున్నాను.”

“మీరు పిలవాలనే సందు తగ్గించానండీ,” అన్నాడు నేల చూస్తూ.

ఆమె నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగి కళ్లు నిండాయి. “ఆ తెలివంతా తలుపుమీద చూపించే బదులు, నాతో ఒక్క మాట అనొచ్చుగా!”

“ఇప్పుడంటే?”

“పెళ్లి చేసుకుంటావా అని ఆయన ఇంటికొచ్చి నన్నే అడిగాడు. నేను సరేనన్నాను. మంచివాడు.”

అతనికి ఏడుపొక్కటే తక్కువ. అంచు నున్నగా చేసి, ఈసారి వదలాల్సినంత సందూ వదిలి తలుపు బిగించాడు. ఆమె వేలితో తోసింది. చప్పుడు లేకుండా మూసుకుంది.

“ఇక బిగుసుకోదా?”

“లేదండీ,” అన్నాడు సామాను సంచిలో సర్దుకుంటూ. “ఎన్ని వానలొచ్చినా నన్ను పిలవాల్సిన పనుండదు.”