ఏం సర్దుకున్నారు?

"అబ్జెక్షన్!"

క్లాసు మొదలై నాలుగు నిమిషాలు కూడా కాలేదు. బోర్డు మీద రాస్తున్న అనువాదకుడి చేతిలో సుద్దముక్క ఆగిపోయింది.

"ఇది కోర్టు కాదండీ, చెయ్యెత్తితే చాలు," అన్నాడతను వెనక్కి తిరిగి.

"ఎత్తాను. మీరు బోర్డు వైపు తిరిగి ఉన్నారు. అక్కడ 'బాధితురాలు' అని రాశారు. వాంగ్మూలంలో ఆవిడ అలా అనలేదు, 'నేను' అంది. సాక్షి అన్న మాటే రాయాలని ఇప్పుడే కదా మీరు చెప్పారు?"

మిగతా ఏడుగురూ నవ్వాపుకోలేక నోటుపుస్తకాల్లో తలలు దూర్చారు. అతను బోర్డు చూశాడు, ఆమెను చూశాడు. ఆ మాట తుడిచేసి 'నేను' అని రాశాడు.

ఆ గదిలో ఉన్న ఎనిమిది మందీ కొత్తగా నల్లకోటు వేసుకున్న ఆడపిల్లలే. ఆడవాళ్ల హక్కుల కేసులు ఎలా వాదించాలో నేర్పే ఆరు నెలల ఫెలోషిప్‌కి ఎంపికై వచ్చారు. వాళ్లలో ఈ అమ్మాయి లిఫ్ట్ మెకానిక్ కూతురు. వాళ్లింట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి తనే కావడంతో ఏ క్లాసులోనూ ఒక్క మాట నేల మీద పడనిచ్చేది కాదు. ఆ రోజు నుంచి ఆమె పేరు అబ్జెక్షన్ అయింది. సాక్షుల తెలుగును కోర్టు కోసం ఇంగ్లీషులోకి మార్చే అతను ఏ మాటకైనా అడగ్గానే మూడు అర్థాలు చెప్పేవాడు. అందుకని అతను డిక్షనరీ అయ్యాడు.

క్లాసులు నాలుగో అంతస్తులో జరిగేవి. లిఫ్టేమో రెండో అంతస్తు దాటాక అలిగి ఆగిపోయేది. అందుకే ఇద్దరూ రోజూ మెట్ల మీదే ఎదురుపడేవాళ్లు.

"మెట్లెక్కుతూ కూడా వాదిస్తారా మీరు?"

"మెట్లు దిగుతూ కూడా అనువాదం చేస్తారా మీరు?"

"మీ ఆయాసాన్నయితే చెయ్యగలను. 'టీ తాగుదాం రండి' అంటోంది."

"తప్పు అనువాదం. 'టీ మీరే ఇప్పించండి' అంటోంది."

అలా టీలు మొదలయ్యాయి. వానాకాలం కూడా అప్పుడే మొదలైంది. ఇద్దరి దగ్గరా గొడుగులున్నా ఎందుకో ఒక్కటే తెరుచుకునేది.

ఫెలోషిప్ నడిపే సీనియర్ మేడమ్ ఇవన్నీ చూసీ చూడనట్టు ఊరుకునేది. ఒక్క విషయంలో మాత్రం ఊరుకునేది కాదు. "మన క్లయింటు నోట్లో మన మాట పెట్టకూడదు," అని పదేపదే చెప్పేది. "అంతా అర్థమైపోయింది అనిపించిందా? సరిగ్గా అప్పుడే ఇంకొక్క ప్రశ్న అడగండి."

నాలుగో నెలలో అబ్జెక్షన్ చేతికి మొదటి కేసు వచ్చింది. క్లయింటు ఒక టైలరమ్మ. భర్త చెయ్యి చేసుకుంటే కూతుర్ని తీసుకుని అక్కగారింటికి వచ్చేసింది. అతను తన జోలికి రాకుండా కోర్టు ఆర్డరూ, ఆ ఇంట్లో ఉండిపోయిన కుట్టుమిషనూ కావాలి. అంతకుమించి ఆమె ఏమీ అడగలేదు. ఆమె తెలుగులో చెప్పిన వాంగ్మూలాన్ని డిక్షనరీ ఇంగ్లీషులోకి మార్చాడు. అబ్జెక్షన్ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివి, 'సరిచూశాను' అని సంతకం పెట్టింది.

విచారణ రోజు అవతలి లాయరు ఆ ఇంగ్లీషు కాగితాన్నే తీసి పైకి చదివాడు.

"ఆయన నా మీద చెయ్యి చేసుకున్న రోజే నేను అడ్జస్ట్ అయ్యాను. ఇది ఆమె చెప్పిందే సార్. గొడవ ఏదైనా ఉన్నా ఆ రోజే ముగిసిపోయింది. ఆర్నెల్ల తర్వాత తన ఇష్టం కొద్దీ ఇల్లు వదిలి వెళ్లిందని మా క్లయింటు మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాడు."

అబ్జెక్షన్ లేచి నిలబడింది. జీవితంలో మొదటిసారి ఆమె నోట అబ్జెక్షన్ అన్న మాట రాలేదు. జడ్జిగారు కేసు మర్నాటికి వేశారు.

బయట వరండాలో టైలరమ్మ బల్ల మీద కూర్చుని ఉంది. ఆమె పక్కన కూలబడింది అబ్జెక్షన్.

"ఎంత పని చేశారక్కా! ఆ రోజే సర్దుకున్నానని ఎందుకు చెప్పారు?"

"సర్దుకోకుండా ఎలా వస్తాను లాయరమ్మా? కట్టుబట్టలతో వచ్చెయ్యమంటావా?" టైలరమ్మ విడ్డూరంగా చూసింది. "నావీ పిల్లవీ బట్టలు, దాని పుస్తకాలు, నా కొలతల టేపు అన్నీ సంచిలో సర్దుకుని ఆ సాయంత్రమే బస్సెక్కాను. మిషన్ మోయలేక వదిలేశాను."

అబ్జెక్షన్‌కి చెంప ఛెళ్లుమన్నట్టయింది. తర్వాత కోపం వచ్చింది. ఆ కోపాన్ని వేడి తగ్గకుండా అనువాదకుల గదికి మోసుకెళ్లింది.

"ఏ డిక్షనరీలో చూశారండీ? సర్దుకోవడం అంటే ఓర్చుకోవడం ఒక్కటేనా? మీ మూడు అర్థాలు ఆ రోజు సెలవు మీద వెళ్లాయా?"

జరిగిందంతా విన్నాడతను. పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టాడు.

"మా అమ్మ ఆ మాట రోజూ అనేది," అన్నాడు. "నాన్న అరిచినా, అన్నం కంచం విసిరేసినా, 'ఏం లేదురా, సర్దుకున్నాను' అనేది. ఆడవాళ్ల నోట ఆ మాట వింటే నా చెవికి ఆ ఒక్క అర్థమే వినబడుతుంది. అనుమానం కూడా రాలేదు. తప్పు నాదే. రేపు కోర్టులో నేనే చెబుతాను."

"అనువాదకుల ప్యానెల్ లోంచి మీ పేరు తీసేస్తే?"

"తీసేస్తే తీసేస్తారు. ఆవిడ మిషన్ కంటే నా పేరు ముఖ్యమా?"

అబ్జెక్షన్ కోపం నిలబడ్డచోటే చల్లారింది. ఆ కాగితం మీద తన సంతకం కూడా ఉంది. తెలుగు మాట ఆమె కళ్ల ముందే ఉంది. ఇంకొక్క ప్రశ్న తనూ అడగలేదు.

"నా చెవి కూడా అదే విందండీ," అంది మెల్లగా. "రేపు ఇద్దరం చెబుదాం."

ఆ సాయంత్రం ఒకే బల్ల మీద ఇద్దరూ తెలుగు కాగితాన్ని మళ్లీ మొదట్నుంచీ చదివారు. సర్దుకున్నాను అన్న వాక్యం పక్కనే, అవతలి లాయరు చదవకుండా వదిలేసిన ఇంకో చిన్న వాక్యం కనిపించింది. ఇద్దరి వేళ్లూ ఒకేసారి దాని మీదకు వెళ్లి తగిలాయి. రెండూ అక్కడే ఉండిపోయాయి.

మర్నాడు కోర్టులో డిక్షనరీ చేతులు కట్టుకుని తన తప్పు చెప్పాడు. సరిచూశానని సంతకం పెట్టింది తనేనని అబ్జెక్షన్ చెప్పింది. అవతలి లాయరు నవ్వాడు.

"కేసు ఓడిపోయేలా ఉందని రాత్రికి రాత్రి అర్థం మార్చుకొచ్చారు సార్!"

"అర్థం మేము చెప్పడం లేదు సార్. పక్క వాక్యమే చెబుతోంది." ఆమె తెలుగు కాగితం ఎత్తి చదివింది. "'ఆయన నా మీద చెయ్యి చేసుకున్న రోజే నేను సర్దుకున్నాను. ఆ తొందరలో కత్తెర మరిచిపోయాను.'"

జడ్జిగారు కళ్లద్దాలు సవరించుకుని ఆ రెండు వాక్యాలూ స్వయంగా చదువుకున్నారు. తర్వాత టైలరమ్మ వైపు తిరిగారు.

"ఏం సర్దుకున్నారమ్మా?"

టైలరమ్మ వేళ్లు మడుస్తూ చెప్పింది. బట్టలు, పుస్తకాలు, టేపు. "కత్తెర మిషన్ సొరుగులోనే ఉండిపోయింది సార్. మంచి కత్తెర. ఇప్పటికీ అక్కడే ఉంటుంది."

"ఓర్చుకునే తొందరలో కత్తెర ఎవరూ మరిచిపోరు లాయరు గారూ," అన్నారు జడ్జిగారు అవతలి ఆయనతో.

ఆ సాయంత్రమే చెల్లెలు తన ఇంటికి వచ్చిందని టైలరమ్మ అక్క కూడా సాక్ష్యం చెప్పింది. ఆర్డరు వచ్చింది. అందులో కుట్టుమిషన్ పక్కన, సొరుగులోని కత్తెరతో సహా అని రాసి ఉంది.

డిక్షనరీ పేరు ప్యానెల్‌లోనే ఉంచారు గానీ, గట్టి హెచ్చరికే ఇచ్చారు. సీనియర్ మేడమ్ తన వంతు శిక్ష వేసింది. "మాటలు వినే క్లాసు నీకూ అవసరమే నాయనా. రేపట్నుంచి వచ్చి కూర్చో." ఎనిమిది మంది ఆడపిల్లల వెనక, ఆఖరి బెంచీలో, అతను బుద్ధిగా నోట్సు రాసుకున్నాడు. అబ్జెక్షన్ మాత్రం ఆ నెలలో ముందుకంటే వెనక్కే ఎక్కువ చూసింది.

ఇంట్లోవాళ్లని కూడా పిలిచి సర్టిఫికెట్లు ఇచ్చే రోజు వాన కురుస్తోంది. అబ్జెక్షన్ మెట్లెక్కుతూ మూడో అంతస్తుకు వచ్చేసరికి ఆగిపోయిన లిఫ్టు తలుపు వెనక నుంచి మాటలు వినిపించాయి. ఒకటి నాన్న గొంతు. రెండోది వినగానే ఆమె కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

"నువ్వేనా బాబూ డిక్షనరీ?"

"అవునండీ. మీకెలా తెలుసు?"

"మూడు నెలలుగా మా ఇంట్లో అదే గోల. డిక్షనరీ టీ తాగింది, డిక్షనరీ వానలో తడిసింది అని. నిజంగా పుస్తకమేనేమో అనుకున్నాను."

అబ్జెక్షన్ తలుపు మీద దబదబా బాదింది. "నాన్నా! స్క్రూడ్రైవర్ తెచ్చుకోలేదా?"

"జేబులోనే ఉందమ్మా. పనిలో ఉన్నాను, ఆగు." గొంతు మళ్లీ తగ్గింది. "చూడు బాబూ, మా అమ్మాయి సర్దుకుపోయే రకం కాదు. తర్వాత చెప్పలేదంటే బాగుండదు."

డిక్షనరీ గొంతు తలుపు దాటి స్పష్టంగా వినిపించింది.

"సర్దుకుపోయే మనిషి నాకు వద్దండీ. మా ఇంట్లో ఒకరు ముప్పై ఏళ్లు సర్దుకున్నారు. అది చాలు."

లోపల ఏదో టిక్కుమంది. లిఫ్టు మూలుగుతూ పైకొచ్చింది. తలుపు తెరుచుకుని నాన్న బయటికొచ్చాడు. కూతురి తల మీద చెయ్యి వేసి, "నేను మెట్లెక్కి వస్తాలే. మీరిద్దరూ ఇందులో రండి," అని వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

ఆమె లోపలికి అడుగు పెట్టింది. తలుపు మూసుకుంది.

"మా అమ్మకి మీ గురించి చెప్పాను," అన్నాడు డిక్షనరీ. ఇన్ని మాటలు తెలిసిన మనిషికి ఒక్కటీ దొరకడం లేదు. "మీరు మా ఇంటికి... అంటే, మనం... మీరు సర్దు..." నాలుక కరుచుకున్నాడు.

"అబ్జెక్షన్! ఏ అర్థంలో?"

"సర్దుకుపోవద్దు. సర్దుకుని రండి. అదీ అర్థం."

అంతా అర్థమైపోయింది అనిపించింది ఆమెకు. సరిగ్గా అందుకే ఇంకొక్క ప్రశ్న అడిగింది.

"ఏం సర్దుకోమంటారు?"

"మీ పుస్తకాలు, మీ నల్లకోటు, మీ అబ్జెక్షన్లు. ఒక్కటి కూడా వదిలేసి రాకండి."

"అయితే చాలా పెద్ద పెట్టె కావాలి," అంది ఆమె అతని చెయ్యి అందుకుంటూ. "ఇద్దరం మోయాలి."

లిఫ్టు కుదుపుతో ఆగిపోయింది. పైన నాలుగో అంతస్తు నుంచి నాన్న గొంతు తాపీగా దిగొచ్చింది.

"స్క్రూడ్రైవర్ నా దగ్గరే ఉందమ్మా! తొందరేం లేదు!"